స్టోర్‌రూములో పచ్చలైటు

పోయిన వారం సర్వరమ్మను బస్సులో వదిలేసి వెళ్ళిపోయాం. పాపం, ఆమె ఇంకా నిలబడే ఉంది. పక్కన సీటు ఖాళీ అయినా కూర్చోలేదు. తను కూర్చుంటే బస్సు కూడా తీరిగ్గా వెళ్తుందేమోనని ఆమె భయం.

కొత్తగా ఈ వారమే మొదలుపెట్టినవాళ్ళ కోసం జరిగింది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కృత్రిమ కాళ్ళు తయారుచేసే వర్క్‌షాపు ఒకటుంది. కాలు పోగొట్టుకున్న మనిషి వస్తే, మిగిలిన కాలి ఆకారాన్ని కొలిచి కంప్యూటరులోకి ఎక్కిస్తారు. ఆ కొలత ప్రకారం అచ్చు కోసి, దాని మీద కాలు తయారుచేస్తారు. కొలతలన్నీ మెట్ల కింది గదిలో ఉన్న సర్వరులో ఉంటాయి. ఆ సర్వరును పదకొండేళ్ళుగా కంటికి రెప్పలా చూసుకుంటున్న మనిషి కాబట్టి ఆమెను అందరూ సర్వరమ్మ అంటారు. అసలు పేరు హాజరుపట్టీకే తెలుసు.

అలాంటి మనిషి ఆ రోజు ఉదయం పదింటికి, పాత డిస్కులో ఉన్నవి కొత్త డిస్కులోకి ఎక్కించబోయి, ఎక్కణ్ణుంచి ఎక్కడికి అన్నది తారుమారు చేసింది. నిండుగా ఉన్నదాని మీదికి ఖాళీగా ఉన్నదాన్ని ఎక్కించింది. అంటే, ఏమీ లేకపోవడాన్ని ఎంతో శ్రద్ధగా, పొల్లుపోకుండా కాపీ చేసిందన్నమాట. పన్నెండున్నరకి అచ్చులు కోసే మేస్త్రి వచ్చి, "అమ్మాయ్, పోస్టావిడ ఫైలు తెరుచుకోవడం లేదు" అనేదాకా ఆ సంగతి తనకే తెలియదు.

పోయినవి నాలుగు వేల రెండువందల పదహారు మంది కొలతలు. మళ్ళీ తీసుకోవచ్చు కదా అంటారేమో. కాలు ఒక్కరోజులో కుదరదండీ. ఇక్కడ ఒత్తుతోంది, అక్కడ వదులుగా ఉంది అంటూ నెలల తరబడి దిద్దుతారు. ఆ దిద్దుబాట్లన్నీ ఫైలులోనే ఉంటాయి. అది పోతే ఆ మనిషి ఓర్చుకున్న నొప్పి అంతా మళ్ళీ మొదటినుంచి ఓర్చుకోవాలి. ఇంటింటికీ ఉత్తరాలు పంచే పోస్టావిడకి నాలుగుసార్లు పుండు పడి, అయిదోసారికి కొలత కుదిరింది. మర్నాడు పొద్దున్నే ఆవిడ కొత్త కాలు తొడుక్కోవాలి.

సర్వరమ్మ వెళ్ళి డాక్టరమ్మ ముందు నిలబడి, "నా చేత్తోనే పోయాయి మేడమ్" అని చెప్పింది. ఒక ట్రస్టు నడిపే ఆ వర్క్‌షాపుకి పెద్దదిక్కు డాక్టరమ్మే. ఆవిడ అరవలేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "నాలుగింటికి ట్రస్టు వాళ్ళు వస్తున్నారు. అప్పటిదాకా నీకు టైముంది. ఏం చేస్తావో చెయ్యి" అంది.

చెయ్యడానికి ఒక్కటే దారి ఉంది. అది ఎవరికీ తెలియని దారి. ఆ మధ్య మెట్ల కింది గదిలోకి వాననీళ్ళు కారి, సర్వరుకి జానెడు దూరంలో చుక్కలు పడ్డాయి. నకలు ఒకటి ఇంకోచోట పెడదామని సర్వరమ్మ ట్రస్టుకి మూడుసార్లు రాసింది. మూడుసార్లూ "చూద్దాం" అన్నారు. పెద్దవాళ్ళు చూద్దాం అంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? ఆమె కూడా చూసీ చూసీ, ఎనిమిది నెలల కిందట తన పాత కంప్యూటరును ఇంట్లో స్టోర్‌రూములో పెట్టి, నకలు దానిలోకి వచ్చేలా ఏర్పాటు చేసింది. పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేకుండా గట్టి తాళం వేసింది. తాళం వేసినా తప్పు తప్పే. ఏ ఫైలూ గడప దాటకూడదని, దాటించినవాళ్ళు ఆ రోజే ఉద్యోగం వదిలి వెళ్ళాలని రాసిన కాగితం మీద ఆమె సంతకం ఉంది.

అయితే ఆ నకలు మీద కూడా ఆమెకి ఆశ లేదు. ఇంట్లో ఉన్న ఆ కంప్యూటరు పెట్టె గంటగంటకీ ఆఫీసు సర్వరును చూసి, అక్కడ ఏముంటే అదే తనలో ఉంచుకుంటుంది. అక్కడ కొత్తది చేరితే ఇక్కడా చేరుతుంది. అక్కడ పోతే ఇక్కడా పోతుంది. పదింటికి పోతే పదకొండింటికి ఒకసారి, పన్నెండింటికి ఒకసారి, ఒంటిగంటకి ఒకసారి అది చూసే ఉంటుంది. చెప్పిన పని చెప్పినట్టు చేసే యంత్రం కదా! అయినా ఇంటికే వెళ్తోంది. మునిగిపోయేవాడు గడ్డిపోచనైనా పట్టుకుంటాడు.

బస్సు దిగి పరుగులాంటి నడకతో వచ్చేసరికి ఒకటీ ఇరవై అయింది. మూడో అంతస్తుకి లిఫ్టు ఎక్కింది. ఆ లిఫ్టు తలుపు మూసినప్పుడు ఒకసారి, తెరిచినప్పుడు ఒకసారి భవనమంతా వినబడేలా గరగరమంటుంది. గరగరమంది.

తాళం తీసి లోపలికి అడుగుపెట్టేసరికి అత్తగారు హాల్లో సోఫాలో పేపరు చదువుతూ కనిపించింది. పేపరు తలకిందులుగా లేదు గానీ, కళ్ళజోడు మాత్రం టీవీ మీద ఉంది. ఆవిడ కళ్ళజోడు లేకుండా పక్కనున్న మనిషిని కూడా గొంతునిబట్టి గుర్తుపడుతుంది.

"ఏమిటే, ఈ వేళప్పుడు వచ్చావ్? ఒంట్లో బాగానే ఉందా?"

సర్వరమ్మ నేరుగా స్టోర్‌రూములోకి వెళ్ళింది. ఇస్త్రీ బల్లకీ పాత సూట్‌కేసులకీ మధ్య స్టూలు మీద పెట్టె ఉంది. ముందు పచ్చలైటు వెలుగుతోంది. లోపల ఫ్యాను గుర్రుమంటోంది. నిక్షేపంలా పనిచేస్తోంది.

అది చచ్చిపడి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది ఆమెకి. ఏ పొద్దుననో కరెంటు పోయి ఉంటే, ఏ ఎలుకో వైరు కొరికి ఉంటే! పెట్టిన కొత్తలో ఈ పెట్టె దానంతటదే ఆగి మళ్ళీ మొదలవుతున్నట్టు దాని చిట్టాలో కనబడుతుంటే, కరెంటు సరిగా రావడం లేదనుకుని బ్యాటరీ డబ్బా తెచ్చి పెట్టింది. ఎలక్ట్రీషియన్ని పిలిచి ప్లగ్గు మార్పించి, అతన్ని నాలుగు మాటలు కూడా అంది. ఇక ఆగదన్న ధీమాతో ఆ తర్వాత చిట్టా చూడడమే మానేసింది. అంత శ్రద్ధా ఇందుకే అన్నట్టు లైటు పచ్చగా వెలుగుతోంది. కాళ్ళలో సత్తువ లేక గడప దగ్గరే కూలబడింది. ఏడుపు దానంతటదే వచ్చేసింది.

అత్తగారు మంచినీళ్ళ గ్లాసు పట్టుకొచ్చింది. ముప్పై ఏళ్ళు లైబ్రరీలో అటెండరుగా పనిచేసిన మనిషి. ఎవరైనా ఏడుస్తుంటే ముందు నీళ్ళిచ్చి, తర్వాతే ఏమిటని అడగాలని ఆవిడ సిద్ధాంతం.

"తాగు. ఇప్పుడు చెప్పు. ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదు అత్తయ్యా. అందరికీ అయింది. ఆఫీసులో అందరి కొలతలూ నేనే చెరిపేశాను."

"చెరిపేస్తే దీన్లో ఉంటాయన్నావుగా? అందుకేగా దీన్ని తెచ్చి నా సూట్‌కేసుల పక్కన కూర్చోబెట్టావు?"

"ఉండవత్తయ్యా. అక్కడ పోతే ఇక్కడా పోతాయి. గంటకోసారి ఇది దాన్ని చూసుకుంటుంది. పదింటికి నేను చెరిపితే, ఈపాటికి మూడుసార్లు చూసేసుకుని ఉంటుంది. మొత్తం పోయినట్టే."

అత్తగారు గ్లాసు వెనక్కి తీసుకుంది. దానిలో ఇంకా సగం నీళ్ళున్నాయి. ఆ సగం తనే తాగేసింది.

"గంటగంటకీనా? పొద్దున్నుంచీ?"

"అవును."

"అంటే... అది ఆన్‌లో ఉంటేనేగా?"

"ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది కదత్తయ్యా."

"ఉండదు" అంది అత్తగారు.

సర్వరమ్మ తలెత్తి చూసింది. అత్తగారు ఇస్త్రీ బల్ల వైపు చూస్తూ, దాని మీద లేని దుమ్ము దులుపుతోంది.

"నువ్వటు వెళ్ళగానే నేనిటు ఆపేస్తాను. నువ్వొచ్చే ముందు మళ్ళీ వేస్తాను. రోజూ అంతే. నన్ను తిట్టినా సరే, చెప్పేస్తున్నాను. మనిషి లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. లైబ్రరీలో ముప్పై ఏళ్ళు, నలభై రెండు స్విచ్చులు ఆపి గానీ ఇంటికొచ్చేదాన్ని కాదు. ఇది రోజంతా ఎవరికోసం తిరుగుతోంది? మధ్యాహ్నం కాసేపు కన్ను మూద్దామంటే గోడవతల గుర్రుమంటూనే ఉంటుంది. పీకి పారెయ్యలేదు. నువ్వు మొదటిరోజు చూపించావే, ఆ బొత్తాం మెత్తగా ఒక్కసారి నొక్కితే అదే సర్దుకుని పడుకుంటుంది. అలాగే చేస్తున్నాను. దీన్ని మాత్రం ముట్టుకోవద్దన్నావు నువ్వు. నా ఇంట్లో నేను ముట్టుకోకూడని వస్తువేమిటని నాకూ పౌరుషం వచ్చింది. చెప్పలేదు. తప్పే."

సర్వరమ్మకి ఎలక్ట్రీషియన్ ముఖం ఒకసారి కళ్ళ ముందు మెదిలింది.

"ఈరోజు కూడా ఆపారా?"

"ఎనిమిదిన్నరకి. నువ్వు మెట్లు... అదే, లిఫ్టు దిగగానే."

"మరి లైటు వెలుగుతోందేంటి?"

"ఇప్పుడే వేశాను. పడుకుని ఉన్నాను, లిఫ్టు గరగరమంది. తలుపు దగ్గర నీ చెప్పుల చప్పుడు వినబడింది. దొరికిపోతానని పరిగెత్తి..."

అత్తగారి మాట పూర్తికాలేదు. కూలబడిన మనిషి లేచిన తీరు చూస్తే, కాళ్ళలో సత్తువ లేదన్నది ఎవరో మన చెవిలో వేసిన పుకారు అనుకోవాలి. ఆ పెట్టె నిద్రలేచి తయారవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. తయారవగానే అది చేసే మొట్టమొదటి పని, నిద్రలో తప్పిపోయిన నకళ్ళను తెచ్చుకోవడం. అలా చెయ్యమని నేర్పింది కూడా సర్వరమ్మే. ఆమె ఇంట్లోకి వచ్చి ఎంతసేపైంది? ఏడవడానికెంత, నీళ్ళు తాగడానికెంత, అత్తగారి లైబ్రరీ స్విచ్చులకెంత?

ఒక సూట్‌కేసు దాటి, ఇంకో సూట్‌కేసు తన్నుకుని, పెట్టె వెనక చెయ్యిపెట్టి ఇంటర్నెట్ వైరు పట్టి ఒక్క గుంజు గుంజింది. వైరుతో పాటు గోడకి కొట్టిన మూడు మేకులు కూడా ఊడి వచ్చాయి. ఇస్త్రీ బల్ల పెద్ద చప్పుడుతో పడింది. అత్తగారు గ్లాసును గుండెకి హత్తుకుని తలుపు వారకి జరిగింది.

"పగలగొట్టేశావా?"

"లేదత్తయ్యా. ఉండండి. ఏమీ మాట్లాడకండి."

హాల్లోంచి పాత మానిటరూ కీబోర్డూ తెచ్చి తగిలించింది. తొందరలో పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి తెరుచుకుంది. ముందు చిట్టా చూసింది. పెట్టె ఒకటీ ఇరవై ఒకటికి లేచింది. ఒకటీ ఇరవై అయిదుకి ఆఫీసు సర్వరును పలకరించబోయింది. దారి దొరకలేదు అని రాసుకుంది. ఆ కింద ఇంకేమీ లేదు.

ఆ తర్వాత ఫోల్డరు తెరిచి, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమంది. నాలుగు వేల రెండువందల పదహారు.

నమ్మకం కుదరక పోస్టావిడ ఫైలు తెరిచింది. మోకాలి కింద జానెడు మేర ఆకారం తెర మీద మెల్లగా తిరిగింది. అయిదు దిద్దుబాట్లూ ఉన్నాయి. అయిదో దానికింద మేస్త్రి రాసిన మాట కూడా ఉంది. 'ఈసారి నవ్వింది.'

సర్వరమ్మ వెనక్కి తిరిగి అత్తగారిని గ్లాసుతో సహా వాటేసుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. ఉదయం నుంచి ఛాతీలో రాయిలా ఉన్నదేదో కరిగిపోయినట్టు ఊపిరి లోపలిదాకా అందింది. ఇంత సుఖంగా ఊపిరి తీసుకోవచ్చని మర్చిపోయి ఎన్నేళ్ళయినట్టో అనిపించింది.

"ఉన్నాయత్తయ్యా! నిన్న సాయంత్రం ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మీరు ఆపబట్టే ఉన్నాయి!"

"అయితే తిట్టవా?"

"తిడతాను. రేపు తిడతాను."

"సరే, రేపటికి గుర్తుంచుకో" అంది అత్తగారు, గొంతు సవరించుకుని. మరుక్షణమే ఆవిడలో పాత ధైర్యం తిరిగొచ్చింది. "ఆ బల్ల లేపు ముందు. పొద్దున్నే దులిపిన గది."

బల్ల లేపి, కళ్ళు తుడుచుకుని, సర్వరమ్మ డాక్టరమ్మకి ఫోను చేసింది. రెండు కావస్తోంది. నాలుగింటికి ఇంకా రెండు గంటలుంది. టైము కూడా మనవైపే ఉందనుకుంది.

"మేడమ్, దొరికాయి! అన్నీ దొరికాయి. ఒక్కటీ పోలేదు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వచ్చింది. డాక్టరమ్మ కూర్చున్నట్టుంది.

"పోస్టావిడది?"

"ఉంది మేడమ్. తెరిచి చూశాను."

"అమ్మయ్య" అంది డాక్టరమ్మ. తర్వాత మెల్లగా, "ఎక్కడ దొరికాయి?" అని అడిగింది.

అబద్ధం నాలుక చివరికి వచ్చి కూర్చుంది. బీరువాలో పాత డిస్కు ఒకటి కనబడింది మేడమ్ అంటే చాలు. ఎవరూ అడగరు, ఎవరూ వెతకరు. సర్వరమ్మ అత్తగారి వైపు చూసింది. ఫోను స్పీకరులో లేకపోయినా ఆ గదిలో ఏ మాటైనా ఇద్దరికీ వినబడుతుంది. అత్తగారు ఊడిన మేకులు ఒక్కొక్కటే ఏరుకుంటోంది. ఇందాక తిట్లు తినడానికి సిద్ధపడి నిజం చెప్పిన మనిషి అలా మేకులు ఏరుతుంటే, ఆవిడ ఎదుట అబద్ధమాడడం సర్వరమ్మ వల్ల కాలేదు.

"మా ఇంట్లో మేడమ్. ఎనిమిది నెలలుగా నకలు ఇక్కడ ఉంచుతున్నాను. తాళం వేసే ఉంచాను. కాగితం మీద సంతకం పెట్టానని తెలిసే చేశాను."

"అయ్యో పిచ్చిదానా" అంది డాక్టరమ్మ. కోపంగా అనలేదు. "ట్రస్టు వాళ్ళు ముందే వచ్చేశారు. అరగంటయింది. నేను చెప్పేశాను కూడా."

"ఏమని?"

"నా చేత్తో పోయాయని. నాకింకా పద్నాలుగు నెలల సర్వీసుంది. నీకు ఇరవై ఏళ్ళుంది. లెక్క సులువుగానే తేలింది. రాజీనామా రాసి ట్రస్టు పెద్దాయన చేతిలో పెట్టాను. ఆయనింకా సంతకం చెయ్యలేదనుకో, మేస్త్రి లోపల కూర్చుని వాళ్ళని మాటల్లో పెట్టాడు."

పదకొండేళ్ళుగా డాక్టరమ్మ తనని ఒక్కసారి కూడా మెచ్చుకోలేదని, సర్వరమ్మకి లోలోపల ఎప్పుడూ ఒక చిన్న కినుక ఉండేది. ఆ కినుకకి ఇప్పుడు సిగ్గేసింది.

"మేడమ్, వాళ్ళని సంతకం పెట్టనివ్వకండి. వచ్చేస్తున్నాను."

"రాకపోతే పోస్టావిడ కాలికి అచ్చెట్లా కోస్తాం? రా. కానీ ఒక్క సంగతి ఆలోచించుకుని రా. అవి ఎక్కడివని అడుగుతారు. నీ ఇంట్లోవంటే నువ్వెళ్ళాలి. నా ఇంట్లోవంటే నేనెళ్తాను. నేనెలాగూ రాసిచ్చేశాను."

పెట్టెను దుప్పట్లో చుట్టి లిఫ్టు దగ్గరికి తెచ్చేసరికి అత్తగారు చెప్పులేసుకుని, చేతిసంచీతో అప్పటికే లిఫ్టులో నిలబడి ఉంది.

"మీరెక్కడికత్తయ్యా?"

"దాన్ని ఎలా పడుకోబెట్టాలో నాకు తెలుసు. దారిలో గోల చేస్తే?"

టాక్సీలో పెట్టె అత్తగారి ఒళ్ళో ప్రయాణం చేసింది. గతుకు వచ్చినప్పుడల్లా ఆవిడ దాని మీద చెయ్యేసి, డ్రైవరును నెమ్మదిగా పొమ్మంది. సర్వరమ్మ కిటికీలోంచి చూస్తూ, చెప్పాల్సిన మాటలు కూడగట్టుకుంది. తప్పు నాది, చెరిపింది నేను, దాచింది నేను. ఎన్నిసార్లు అనుకున్నా, వింతగా, భయం వెయ్యలేదు. ఫైళ్ళు ఉన్నాయి. పోస్టావిడ రేపు నడుస్తుంది. ఉద్యోగం పోతే పోనీ అనుకోవడం ఇంత తేలికని ఆమెకి ఇదివరకు తెలియదు.

వర్క్‌షాపు గుమ్మంలోనే మేస్త్రి ఎదురొచ్చాడు. చేతులనిండా పిండిలా సున్నపు పొడి. "ఇక నావల్ల కాదమ్మాయ్. నా చిన్నప్పటి కబుర్లు కూడా అయిపోయాయి. పెద్దాయన పెన్ను తీశాడు" అన్నాడు.

గది తలుపు తోసుకుని ముగ్గురూ లోపలికి వెళ్ళారు. పొడుగు బల్ల చుట్టూ ట్రస్టు వాళ్ళు నలుగురు ఉన్నారు. వాళ్ళలో పెద్దాయన ముందు డాక్టరమ్మ రాసిన కాగితం ఉంది. పెన్ను మూత తీసి ఉంది. డాక్టరమ్మ కిటికీ దగ్గర నిలబడి, వద్దు అన్నట్టు సర్వరమ్మకేసి తల అడ్డంగా ఊపింది.

సర్వరమ్మ పెట్టెను బల్ల మీద పెట్టి దుప్పటి తీసింది. "పోయిన కొలతలన్నీ దీనిలో ఉన్నాయండీ" అంది.

నలుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఒకావిడ అయితే "హమ్మయ్య" అని పైకే అనేసింది. పెద్దాయన కూడా ఒక్క క్షణం నవ్వబోయాడు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు పెట్టెను అటూ ఇటూ చూశాడు. దానిమీద వర్క్‌షాపు ముద్ర లేదు. వర్క్‌షాపు నంబరు లేదు. ఒక మూల ఇస్త్రీ బల్ల రాసుకున్న గీత ఉంది.

"ఇది మన సామాను కాదే" అన్నాడాయన. పెన్ను కింద పెట్టి లేచి నిలబడ్డాడు. "మన ఫైళ్ళు ఇందులో ఎలా ఉన్నాయి? ఎవరిదీ పెట్టె?"

డాక్టరమ్మ నోరు తెరిచింది. సర్వరమ్మ కూడా తెరిచింది. ఇద్దరికంటే ముందు, వెనకనించి ఎవరో కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"నాదేనండీ" అంది అత్తగారు, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని సర్దుకుని కూర్చుంటూ. "మీరు కూడా కూర్చోండి. ఎలా ఉన్నాయో నేను చెబుతాను."